కుడిచేతి దండకడియం

ల్యాబు, మూడో అంతస్తు
మార్చి 3

అత్తయ్యా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు కూర్చో. కూర్చున్నావా? నీ రాణి సినిమా నా బల్ల మీదికి వచ్చింది.

అవును, అదే. పద్నాలుగు రేకు డబ్బాల ఫిల్ము. మొదటి మూత తీయగానే ముక్కు పగిలేంత పులుపు వాసన. నిర్మాతగారి మనవడు పంపించాడు. గీతలు తుడిచి, దుమ్ము దులిపి, చిరిగిన చోట్ల అతికి, మళ్లీ కొత్త సినిమాలా చేసి ఇవ్వాలట. సెప్టెంబరులో థియేటర్లలో ఆడిస్తాడట. "ఈ సినిమాతో నీకేమైనా సంబంధం ఉందా, మొహం అలా వెలిగిపోతోంది?" అని మా ల్యాబు పెద్దాయన అడిగారు. "మా మేనత్త దీనికి కంటిన్యూటీ చూసింది" అన్నాను. గొంతు కాస్త పెద్దదయినట్టుంది, పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు. కంటిన్యూటీ అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్ల అడిగింది. నువ్వు నాకు చిన్నప్పుడు చెప్పినట్టే చెప్పాను: సోమవారం తీసిన ముక్కలో హీరో చొక్కా గుండీ ఊడి ఉంటే, గురువారం తీసే ముక్కలోనూ ఊడే ఉండేలా చూసే మనిషి అని.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నీకు సగమే వినబడుతుంది, వినబడని సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. పాత ప్రింట్లు మసకగా ఉండేవి కాబట్టి ఇన్నాళ్లూ బతికిపోయారు మీరంతా. ఇప్పుడు నెగటివు శుభ్రం చేస్తుంటే అన్నీ బయటపడుతున్నాయి. మంత్రిగారు కుట్ర పన్నుతుంటే వెనక గోడ మీద మైకు కర్ర నీడ. వెయ్యేళ్ల కిందటి సైనికుడి జబ్బ మీద రెండు టీకా మచ్చలు, రూపాయి బిళ్లలంత. యుద్ధభూమిలో లారీ టైర్ల జాడలు. రాణిగారు మాట్లాడేకొద్దీ కొవ్వొత్తి పొడుగవుతోంది. సింహాసనం వెనక కరెంటు తీగ. చచ్చిపడున్న సేనాధిపతి తుమ్మబోయి ఆపుకున్నాడు, ముక్కుపుటాలు చూస్తే తెలిసిపోతోంది!

మనవడుగారు ఇవన్నీ ఒక పట్టీ రాసి పంపాడు. నలభై మూడు. ఒక్కటి మిగలకుండా తుడిచేయమన్నాడు. ఈ రోజుల్లో అది సాధ్యమే అత్తయ్యా, ఓపిక ఉండాలంతే.

పట్టీలో చివరిది, కింద రెండు గీతలు గీసి రాసింది, నీకు తెలిసిందే. మరణశిక్ష మీద సంతకం చేసేటప్పుడు రాణిగారి దండకడియం. దూరం నుంచి చూపించినప్పుడు ఎడమ జబ్బకి, దగ్గరికి రాగానే కుడి జబ్బకి, మళ్లీ దూరం వెళ్తే ఎడమకి. టీవీల్లో ఎన్నిసార్లు వేసి నవ్వారో లెక్కలేదు. "కడియం నడిచిన సినిమా" అంటే చాలు, పేరు చెప్పక్కర్లేదు.

దాన్ని నేనే నా చేత్తో తుడిచేస్తాను. యాభై ఏళ్ల నింద ఒక్క నెలలో పోతుంది. కానీ తుడిచే ముందు అది ఎలా జరిగిందో నీ నోట వినాలనుంది. రాయవూ?

నీ గువ్వ

*

మేడ మీది గది
మార్చి 12

గువ్వా,

కూర్చునే చదివాను. ఈసారి అక్షరాలు పెద్దవిగా రాయి. నా ఫోటో స్టూడియో ఉన్నచోట ఇప్పుడు కళ్లజోళ్ల కొట్టు ఉంది కదా అని ఆ కొట్టు సరుకంతా నేనే పెట్టుకు తిరగలేను.

సెట్టు మీద నా పేరు డేగకళ్లమ్మ. నీకు తెలుసు. ఆ పట్టీ రాసిన మనవడుగారికి తెలియదనుకుంటా. నువ్వు రాసినవన్నీ నేను ఆరోజే చూశాను. ఒక్కొక్కటే చెబుతాను, విను.

టీకా మచ్చలు. నూటయాభై మంది సైనికులు, నిండు చేతుల చొక్కాలు యాభై. మచ్చలున్న వాళ్లందరినీ నేనే ఏరి వెనక వరసల్లోకి తోశాను. ముందు వరసలోవాడు ఎండకి కళ్లు తిరిగి పడ్డాడు, వెనకవాడు ముందుకొచ్చాడు. వెళ్లి డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన సూర్యుడికేసి చూశారు, పడ్డవాడికేసి చూశారు. "మచ్చ కనబడితే కనబడనీ తల్లీ, ఇంకొకడు పడేలోపు కానిద్దాం" అన్నారు.

కొవ్వొత్తి. ఆ సీను చివరి మాటలు పొద్దున తీశాం, మొదటి మాటలు మధ్యాహ్నం. పొద్దున కొత్తది వెలిగించాం, మధ్యాహ్నానికి కరిగింది. మరి సినిమాలో పెరగక ఏం చేస్తుంది? కొత్త కొవ్వొత్తులు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి జేబులో వేసుకుని స్టోరు మనిషి భోజనానికి పోయాడు.

మైకు నీడ గురించి ఒక పెద్దమనిషి పత్రికలో రెండు కాలమ్‌లు రాశాడు. మంత్రి మనసులోని విషసర్పాన్ని దర్శకుడు నీడతో సూచించాడట! డైరెక్టరుగారు ఆ కాగితం కత్తిరించి పర్సులో పెట్టుకు తిరిగారు. మేం నోరు మూసుకున్నాం.

సేనాధిపతి తుమ్ము సంగతి నిజమే. గడ్డి ముక్క.

మనవడుగారికి దొరకనివి ఇంకో తొమ్మిదున్నాయి. చెప్పను. వెతుక్కోమను.

దండకడియం గురించి అడిగావు. రాయడానికేముంది, ఆరోజు చూసుకోలేదు. అంతే.

నీ దగ్గు తగ్గిందా? ఆ పులుపు వాసన పీల్చకు, ముక్కుకి గుడ్డ కట్టుకో. నెగటివు మీద వేలు పెట్టేటప్పుడు అంచులే పట్టుకో. నీకు తెలుసులే, అయినా చెబుతున్నాను.

అత్తయ్య

*

ల్యాబు, మూడో అంతస్తు
ఏప్రిల్ 9

అత్తయ్యా,

అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను, కోపంగా కూడా.

కొవ్వొత్తికి పది వాక్యాలు, తుమ్ముకి గడ్డి ముక్కతో సహా వివరం, నీ ఉద్యోగం ఊడగొట్టిన దండకడియానికి రెండే రెండు మాటలా? అనుమానం వచ్చింది. వచ్చిన వారానికే రుజువు కూడా దొరికింది.

పదమూడో డబ్బాలో, రీలు కింద, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. నీ చేతిరాత. ఆ రోజు షూటింగ్ రిపోర్టు. యథాతథంగా రాస్తున్నాను:

"టేకు ఒకటి. దండకడియం కుడిచేతికి ఉంది. తప్పు నాదే. అయినా ఇదే వాడాలి. టేకు రెండు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రాణం లేదు."

"ఇదే వాడాలి" కింద గీత కూడా గీశావు. పెన్సిల్ కాగితానికి అవతలివైపు తేలింది, అంత గట్టిగా.

చూసుకోలేదు, అంతే అన్నావు. చూశావు. చూసి, రాసి, ఇదే వాడమన్నావు. మరి నాన్న చనిపోయేదాకా చెప్పిన కథ ఏమిటి? "మా అక్కని ఉద్యోగంలోంచి తీసేసింది నిర్మాత కాదు, ఒక ముదనష్టపు కడియం" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. నువ్వు పక్కనే కూర్చుని నవ్వేదానివి, ఒక్కసారీ కాదనలేదు.

దీనితో రెండు బొమ్మలు పంపుతున్నాను. మొదటిది ఉన్నది ఉన్నట్టు. రెండోది నేను తుడిచాక. ఒకచేత్తో కలం, ఇంకోచేత్తో కాగితం నొక్కిపట్టి, ఆవిడ జబ్బతో చెంప తుడుచుకుంటుంది కదా. కడియం చెంపకి ఆనుతుంది. ఎడమ జబ్బ బొమ్మలోకి రాదు కాబట్టి కుడిదాన్ని తీసేస్తే చాలు, కానీ తీసేశాక దాని కింద చెంప నేనే కొత్తగా గీయాల్సి వచ్చింది. ఎనభై ఆరు ఫ్రేములు, పదకొండు రోజులు. మా పెద్దాయన మాత్రం అంత కష్టం దేనికి, బొమ్మని అద్దంలోలా కుడి ఎడమలు తిప్పేస్తే కడియం దానంతటదే ఎడమకి పోతుంది కదా అన్నారు.

మే నెలాఖరుకి మనవడుగారు చూడటానికి వస్తాడు. ఆలోపు నిజం రాయి.

గువ్వ

*

మేడ మీది గది
ఏప్రిల్ 16

గువ్వా,

ఆ కాగితం పంపు. నకలు కాదు, అదే. ముందు నా చేతిలో పెట్టుకుని చూడాలి. తర్వాత రాస్తాను.

అత్తయ్య

*

మేడ మీది గది
మే 2

గువ్వా,

కాగితం అందింది. నా రాత అప్పుడెంత బాగుండేదో!

ముందు మీ పెద్దాయనకి జవాబు. బొమ్మ తిప్పేస్తే కడియం ఎడమకి పోతుంది, నిజమే. దాంతోపాటు కలమూ ఎడమచేతికి పోతుంది. గడ్డం మీది పుట్టుమచ్చ అటు గెంతుతుంది. శిక్ష పడ్డవాడు ఒకవైపు ఉంటే రాణి ఇంకోవైపు గోడని చూసి ఏడుస్తుంది. ఒక తప్పు తీసి మూడు పెట్టమంటున్నారు ఆయన.

ఇక నీ రెండో బొమ్మ. నీ పనితనానికి వంక పెట్టను. కడియం ఉండేదని తెలియనివాడు కనిపెట్టలేడు. కానీ ఆ చెంప చూడు. కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. మొదటి దాంట్లో కడియం ఒత్తుకుని చర్మం కాస్త పైకి లేచింది, కంటి కింద తడి అక్కడ ఆగి, పక్కకి జారింది. నువ్వు గీసిన చెంప మీద నీళ్లు జారతాయి గానీ ఆగవు.

సరే, చెబుతాను. మీ నాన్న ఉన్నన్నాళ్లూ చెప్పకూడదనుకున్నాను, చెప్పలేదు. పోయి ఆరేళ్లయింది. నువ్వు కాగితం పట్టుకుని నిలదీస్తున్నావు.

ఆరోజు పొద్దున, మేకప్ గదిలో రాణి వేషం వేసే ఆవిడకి నగలు పెట్టే వేళకి, గేటు దగ్గర ఎవరో వచ్చారని కబురొచ్చింది. వెళ్లి చూస్తే మీ నాన్న. పంతొమ్మిదేళ్లు. బస్సు దిగి సరాసరి వచ్చాడు, జుట్టంతా దుమ్ము.

"అక్కా, సామాను సర్దుకో. ఇంటికి పోదాం" అన్నాడు.

"ఇవాళ షూటింగుంది రా."

"ఇవాళా ఉంటుంది, రేపూ ఉంటుంది. మీ అమ్మాయి సినిమాల్లో చేస్తోందటగా అని అందరూ అడుగుతుంటే నాన్న తల ఎత్తుకోలేకపోతున్నాడు. ఏం చెప్పమంటావ్?"

"పుస్తకంలో రాసుకుంటుందని చెప్పు. అదేగా నా పని."

"నీకు నవ్వులాటగా ఉందా? ఇప్పుడు నాతో వస్తే వచ్చావు. లేదంటే నాకు అక్క లేదనుకుంటాను."

"అనుకో" అన్నాను. అనేశాక, "ఏమైనా తిని వెళ్లరా" అన్నాను. వినలేదు. వెనక్కి తిరిగి నడిచాడు. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారైనా తిరిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు.

లోపలికొచ్చేసరికి లైట్లు వెలుగుతున్నాయి, అంతా నాకోసమే ఆగారు. మామూలుగా అయితే తొమ్మిది రోజుల కిందట దూరపు ముక్కలు తీసినప్పటి ఫోటో పక్కన పెట్టుకుని ఆవిడ తల నుంచి కాలిగోరు దాకా చూస్తాను. ఆరోజు చూడలేదు. తమ్ముడి వేషం వేసే ఆయన ఇంకో షూటింగుకి పోయాడు. ఆవిడకి ఎదురుగా చూడటానికి ఒక మొహం కావాలి కదా. "తల్లీ, నువ్వు కూర్చో" అన్నారు డైరెక్టరుగారు. రాణి తమ్ముడికి మరణశిక్ష రాస్తోంది. నన్ను ఆ తమ్ముడి చోట కూర్చోబెట్టారు. చూడు నా రాత.

ఆవిడ సంగతి నీకు తెలియదు. అందగత్తె, కష్టపడేది, కానీ చాటుగా అందరూ మైనపు బొమ్మ అనేవాళ్లు. గ్లిజరిన్ చుక్క పడందే కన్ను చెమ్మగిల్లేది కాదు. ఆవిడకీ ఆ మాట తెలుసు. కెమెరా తిరిగింది. ఆవిడ కలం తీసి నా మొహంలోకి చూసింది. నేనప్పటికే ఏడుస్తున్నాను. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. ఆవిడ చూపు మారింది. పెదవి అదిరింది. గ్లిజరిన్ ఇంకా సీసాలోనే ఉంది గువ్వా! చేతులు రెండూ ఖాళీ లేవు కాబట్టి జబ్బ ఎత్తి చెంప తుడుచుకుంది, పని మధ్యలో ఉన్న ఆడవాళ్లం తుడుచుకున్నట్టు. స్క్రిప్టులో లేదది. రాణులు అలా తుడుచుకోరు.

"ఇంకొకటి తీద్దాం" అన్నారు డైరెక్టరుగారు. అప్పుడు కళ్లు తుడుచుకుని చూశాను. కడియం కుడిచేతికి ఉంది. నగలు పెట్టే పెద్దావిడ తప్పు కాదు, ఏ చేతికో చెప్పాల్సింది నేను. మార్పించాను. రెండో టేకులో అన్నీ సరిగ్గా వచ్చాయి, ఆవిడ మాత్రం మళ్లీ బొమ్మ అయిపోయింది.

కలిపిన ముక్కలు చూసేటప్పుడు నిర్మాతగారు పట్టేసుకున్నారు. "ఇదెవరి నిర్వాకం?" అన్నారు.

"నాదండీ" అన్నాను.

"అయితే రెండోది పెట్టండి."

"వద్దండీ. చేయి చూసేవాళ్లు నలుగురుంటారు. మిగతా హాలంతా మొహమే చూస్తుంది. మనం ఎవరికోసం తీశాం?"

"నలుగురూ నవ్వితే?"

"నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీయండి."

డైరెక్టరుగారు నావైపే ఉన్నారు, కానీ నోరు విప్పింది నేను. నిర్మాతగారు ఆ ముక్క ఇంకోసారి వేయించుకున్నారు. చివరికి, "మొదటిదే ఉంచండి. కానీ చేయాల్సిన పని చేయని మనిషి పేరు నా సినిమాలో వేయను" అన్నారు. అలా తప్పు నా పేరు మీద ఉండిపోయింది, సినిమాలో మాత్రం నా పేరు లేదు. నన్నెవరూ తీసేయలేదు. తర్వాత వేరే కంపెనీకి రెండు సినిమాలు చేశాను. ఊరికే ఇంకొకరు తీసే ఫోటోల వెనక నిలబడటం విసుగుపుట్టి, నా ఫోటోలు నేనే తీసుకుందామని ఇక్కడ కింద ఆ స్టూడియో పెట్టాను.

సినిమా వచ్చిన ఏడాదికి మీ నాన్న ఇక్కడికొచ్చాడు. సైకిలు గోడకానించి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఏమే డేగకళ్లమ్మా, కడియం ఆ చేతి నుంచి ఈ చేతికి నడిచిపోతుంటే ఏం చేస్తున్నావ్?" అన్నాడు. పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. క్షమించమనడం వాడికి చేతకాదు, అది క్షమించమనడమే. ఏడుసార్లు చూశాడట. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చేదట, అదీ వాడే చెప్పాడు. "అందుకే నిన్ను పనిలోంచి తీసేశారా?" అంటే "అనుకో" అన్నాను.

నేను ఏడ్చింది వాడు వెనక్కి తిరిగి చూడనందుకని చెబితే, ఆ తప్పు మొత్తం నెత్తిన వేసుకుని ఇక జన్మలో నవ్వేవాడు కాదు. నీకు తెలుసుగా మీ నాన్న. నాకు వాడి నవ్వు కావాలి. అందుకే నలభై ఏళ్లు ఆ కథే చెప్పనిచ్చాను.

ఇప్పుడు తెలిసింది కదా. దాన్ని ముట్టుకోకు. నేను బతిమాలడం లేదు. ఆ సినిమాకి కంటిన్యూటీ నేను. ఇంకా రాజీనామా ఇవ్వలేదు.

అత్తయ్య

*

ల్యాబు, మూడో అంతస్తు
మే 30

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పని చేయలేకపోయాను. ఆ ముక్క తెర మీద పెట్టుకుని ఊరికే చూశాను. నాన్న మీద కోపమొచ్చింది, జాలేసింది, చివరికి నవ్వొచ్చింది. ఏడుసార్లు చూసి కడియం పట్టుకున్నాడు గానీ, ఆ కళ్లలో నీళ్లు ఎవరివల్ల వచ్చాయో పట్టుకోలేకపోయాడు. మర్నాడు నేను గీసిన ఎనభై ఆరు చెంపలూ తీసేశాను. పదకొండు రోజుల పని. ఒక్కటీ దాచుకోలేదు, మనవడికి చూపించాల్సిన నకలు ముక్క తప్ప.

నిన్న ఆయన వచ్చాడు. అనుకున్నంత చెడ్డవాడు కాదు. చిన్న గుండ్రటి మనిషి, నోటు పుస్తకంతో వచ్చాడు, కొట్టేయడానికి ఒక్కొక్క తప్పు పక్కన చదరం గీసుకుని. నలభై మూడోది చూపించమన్నాడు.

"రెండు రకాలుగా చూపిస్తాను, ఏది ఏదో చెప్పను" అన్నాను. ల్యాబులో ఉన్నవాళ్లని ఎనిమిది మందిని పిలిచాను. సినిమా ముందెప్పుడూ చూడని వాళ్లనే ఏరాను. ముందు నేను తుడిచింది వేశాను. ఎలా ఉందంటే, బాగుందన్నారు. ఒకతను ఫోన్ చూసుకున్నాడు. తర్వాత నీది వేశాను. ఈసారి అతను ఫోన్ తీయలేదు. కింద రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ, ఎవరినీ నవ్వుతూ పలకరించని మనిషి, ముక్కు చీదింది.

"రెండింటికీ తేడా ఏమిటి?" అని మనవడుగారే అడిగాడు వాళ్లని. ఒకరు లైటింగ్ అన్నారు. ఒకరు రెండోది వేరే టేకేమో అన్నారు. కడియం మాట ఒక్కరూ ఎత్తలేదు అత్తయ్యా! ఒక్కరూ!

ఆయన పుస్తకం మూసి, "మా తాతగారు కూడా ఇది వద్దన్నారని ఇంట్లో చెప్పుకునేవారు" అన్నాడు.

"అన్నారు. అయినా ఉంచారు. దానివల్లే మీరు ఇవాళ దీన్ని మళ్లీ ఆడిస్తున్నారు" అన్నాను. ఇంత సూటిగా మాట్లాడతానని నాకే తెలియదు. నీ పోలికేమో.

"టీవీవాళ్లు మళ్లీ నవ్వుతారు కదా?"

"నవ్వితే మంచిదే. నవ్వడానికి వచ్చినవాళ్లు కూడా టికెట్టు కొనుక్కునే వస్తారు."

నవ్వేశాడు. అరగంట కూర్చుని పట్టీ మళ్లీ మొదటి నుంచీ చూశాం. గీతలు, దుమ్ము, బూజు, చిరుగులు, కాలం చేసిన పాడంతా తీసేస్తాను. మనుషులు చేసింది మనుషులదే, ఉంటుంది. సింహాసనం వెనక కరెంటు తీగ ఒక్కటి మాత్రం ఆయనకి కంట్లో నలుసులా ఉందట, పట్టుబట్టాడు. తీసేశాను. కోప్పడతావని తెలుసు.

ఇంకో మాట. నీ కథ చెప్పాను ఆయనకి, నాన్న సంగతి తప్ప. మొదట్లో వచ్చే పేర్లలో నీ పేరు చేరుద్దామన్నాడు. అప్పటి అక్షరాల్లాగే రాయించి, డైరెక్టరుగారి పేరుకి ముందు. ఏమంటావు?

నీ గువ్వ

*

మేడ మీది గది
జూన్ 8

గువ్వా,

తీగ తీసేసినందుకు కోపం లేదు. దాన్ని చూసి ఎవరూ ఏడవలేదు.

మొదట్లో వచ్చే పేర్లు ముట్టుకోవద్దు. ఆరోజు ఆయన వేయలేదు, వేయలేదన్నది కూడా ఆ సినిమాలో భాగమే. అలాగని పేరే వద్దనేంత గొప్పదాన్ని కాను నేను. సినిమా అయిపోయాక, శుభ్రం చేసిన మీ అందరి పేర్లూ కొత్తగా వేస్తారు కదా. అక్కడ వేయి. నీ పేరు పక్కన. "కంటిన్యూటీ" అని ముందు, తర్వాత నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. దీర్ఘం మర్చిపోకు. అందరూ అక్కడే తప్పు చేస్తారు.

అచ్చయ్యే ముందు నాకు పంపు, చూసి ఇస్తాను.

అత్తయ్య

*

ల్యాబు, మూడో అంతస్తు
ఆగస్టు 25

అత్తయ్యా,

నువ్వు దిద్ది పంపిన దీర్ఘం సరిచేశాను. నేనే మర్చిపోయాను, ఒప్పుకుంటున్నాను.

సెప్టెంబరు పన్నెండున మీ ఊళ్లో మధ్యాహ్నం ఆట. నేను ఇక్కడి హాల్లో ఉండాలి, తెర వెలుతురు నేనే సరిచూడాలి, రాలేను. కానీ నువ్వు ఒంటరిగా చూడవు. రాణిగారు కబురు పెట్టింది! మనవడుగారు ఆహ్వానం ఇవ్వడానికి వెళ్తే, "డేగకళ్లమ్మ బతికుందా? ఎక్కడుంది? ఆవిడ పక్కన కూర్చుని చూస్తాను, లేకపోతే రాను" అందట. మీ ఊరికి గంట ప్రయాణమే, కూతురు కారులో తీసుకొస్తుంది.

ఎలా జరిగిందో మొత్తం రాయి. రెండు వాక్యాల్లో తేల్చావంటే ఊరుకోను.

గువ్వ

*

మేడ మీది గది
సెప్టెంబరు 14

గువ్వా,

రెండు వాక్యాలు కాదు, నాలుగు పేజీలు రాస్తున్నాను. కళ్లజోళ్ల కొట్టాయన కొత్త అద్దాలు ఇచ్చాడు, ఆటకి వెళ్తున్నానని తెలిసి.

ఆవిడ నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. ఎనభై దాటాయి. చేతికర్ర, తెల్లటి జుట్టు, అదే మెడ. నన్ను చూడగానే లేవబోయింది. "కూర్చోండి, షాట్ మధ్యలో కదలకూడదు" అన్నాను. అంతే, ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. వాళ్లమ్మాయి మమ్మల్ని చూసి కంగారుపడింది.

సినిమా ఎంత బాగుందో నీకు చెప్పక్కర్లేదు. గోడల మీద గరుకు కూడా కనిపించింది. సైనికుడి టీకా మచ్చలు చూసి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మైకు నీడకి నేనే నవ్వాను. మా వెనక వరసలో కాలేజీ పిల్లలు పదిమంది ఉన్నారు. కడియం కోసమే వచ్చారు, వాళ్ల మాటల్లో తెలిసిపోయింది. ఆ సీను మొదలవగానే ఒకడు, "ఇదిగో, ఇక్కడే, రెడీగా ఉండండ్రా" అన్నాడు.

ఆవిడ నా చేయి పట్టుకుంది.

తెర నిండా ఆ మొహం. కలం తీసింది. పెదవి అదిరింది. జబ్బ ఎత్తింది. శిక్ష చదివి, తలుపులు మూసి, తర్వాతి సీను సగమయ్యాక వెనకనుంచి ఒక గొంతు, "ఒరే, కడియం వచ్చిందా? నేను చూళ్లేదు" అంది. "నేనూ చూళ్లేదు రా" అన్నాడు రెడీగా ఉండమన్నవాడు.

చివర్లో మీ పేర్లు వచ్చాయి. నా పేరూ వచ్చింది. దీర్ఘం ఉంది. ఎక్కువేమీ అనిపించదనుకున్నాను. అనిపించింది. సరే.

లైట్లు వెలిగాయి, జనం వెళ్లిపోతున్నారు. ఆవిడ లేవలేదు. నా చేయి వదల్లేదు కూడా.

"ఒక్క మాట చెప్పనా? నన్ను అందరూ మైనపు బొమ్మ అనేవాళ్లు. నాకు తెలుసు" అంది.

ఆగకుండా చెప్పుకుపోయింది.

"మానేద్దామనుకున్నాను. ఆ సినిమాతో ఆఖరు అని అమ్మకి చెప్పేశాను కూడా. ఆరోజు నేను కలం ఎత్తగానే ఎదురుగా నువ్వు ఏడుస్తున్నావు. నువ్వు! గుండీలూ బొత్తాలూ తప్ప ఏదీ పట్టని డేగకళ్లమ్మవి! నా మొహంలో ఏం చూసి ఏడ్చావో గానీ, ఈవిడనే ఏడిపించానంటే నాకు నటన వచ్చినట్టే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే ఇంకో ఇరవై రెండేళ్లు చేశాను" అంది. నావైపు తిరిగి, "నిన్ను ఏడిపించింది నేనే కదూ?" అంది.

గువ్వా, మీ నాన్న మాట నాలుక చివరికి వచ్చింది. గేటు, దుమ్ము, వీధి మలుపు, అన్నీ వచ్చాయి. ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని కదా నేను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది, అప్పటి కుర్చీలో ఉన్నట్టే, కలం ఒక్కటే లేదు.

"మరింకెవరు?" అన్నాను.

ఆవిడ మొహం నువ్వు చూసి ఉండాల్సింది. ఎంత శుభ్రం చేసినా నీ యంత్రాల్లో ఆ వెలుగు రాదు.

అబద్ధం చెప్పానంటావా? రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మొదటి చుక్క మీ నాన్నదే. ఆవిడ పెదవి అదిరాక కారినవి మాత్రం ఎవరివో నేను ఎన్నడూ విడదీసి చూడలేదు. ఇప్పుడు చూడను. నువ్వూ ఎక్కడా అనకు.

వచ్చే ఆదివారం వాళ్లింటికి రమ్మంది. ఆవిడ చేసిన సినిమాలు ముప్ఫై ఆరు ఉన్నాయట, వారానికొకటి చొప్పున నాతో కూర్చుని చూస్తుందట. ఒకటే షరతు పెట్టింది, తప్పులు ఎత్తిచూపకూడదని.

నేను ఒప్పుకోలేదు. అయినా రమ్మంది.

మీ అత్తయ్య